పాత ఇంటికి కరెంటు ఆకలి తగ్గించడం ఎలా? బెజవాడ, గుంటూరు ఇళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

ఏటా జూన్ మొదట్లో మే నెల బిల్లు చేతికొస్తుంది. అప్పటినుంచి తెలిసినవాళ్లంతా అడిగేది ఒకటే: "సోలార్ పెట్టించేద్దామా? ఎన్ని కిలోవాట్లు వేయించమంటావు?" నేను చెప్పేదీ ఒకటే. పెట్టించండి, కానీ అన్నిటికన్నా చివర. కుండకు చిల్లు ఉన్నప్పుడు ముందు చిల్లు పూడ్చాలి, నీళ్ల సంగతి తర్వాత.

ఇది పదిహేను, ఇరవై, ముప్పై ఏళ్ల కిందట కట్టిన ఇళ్ల కోసం రాస్తున్నాను. సత్యనారాయణపురంలో రెండు పోర్షన్ల డాబా, బ్రాడీపేటలో మేడ, పటమటలో అపార్ట్‌మెంట్ పై అంతస్తు లాంటివి. కొత్తగా కట్టేవాళ్ల లెక్కలు వేరు.

1. ముందు మీ ఇంటికి ఏ నియమం వర్తిస్తుందో తెలుసుకోండి

ఇళ్లు ఎండను ఎంత ఆపాలి, పైకప్పు ఎంత వేడిని లోపలికి వదలొచ్చు అని చెప్పే కేంద్ర నియమావళి ఒకటి ఉంది. పేరు ఎకో నివాస్ సంహిత, 2018 డిసెంబరులో వచ్చింది. అది ప్రధానంగా కొత్తగా కట్టే పెద్ద భవనాల కోసం. 200 గజాల్లో మీ నాన్నగారు కట్టిన ఇంటి జోలికి అది రాదు.

పక్క రాష్ట్రం తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. అక్కడ 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు చల్లని పైకప్పు, అంటే ఎండను వెనక్కి పంపే పైకప్పు, తప్పనిసరి అన్నారు. అక్కడా చిన్న పాత ఇళ్లకు బలవంతం లేదు.

అంటే మీ డాబాకు సున్నం వేయమని ఎవరూ నోటీసు ఇవ్వరు. వేస్తే డబ్బులూ ఇవ్వరు. పాత ఇంటికి నేరుగా అక్కరకొచ్చేవి మూడు:

- స్లాబుల టారిఫ్: వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే పద్ధతి. వాడకం తగ్గించినవాడికి దీనివల్ల నిజంగానే లాభం.
- బీఈఈ (కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ) స్టార్ లేబుల్: కొనేముందు చదవడం వస్తే చాలు.
- పీఎం సూర్యఘర్ సబ్సిడీ: ఇంటి సోలార్‌కు కేంద్రం ఇచ్చేది. పెద్ద డబ్బు ఇక్కడే ఉంది.

సబ్సిడీ ఎక్కడుంటే చూపూ అక్కడికే పోతుంది. అందుకే అందరూ మూడో దానితో మొదలుపెడతారు. మనం మొదటిదానితో మొదలుపెడదాం.

2. పన్నెండు నెలల బిల్లులు ముందు పెట్టుకోండి

సెంట్రల్ డిస్కం (మనకు కరెంటు ఇచ్చే పంపిణీ సంస్థ) యాప్‌లో సర్వీసు నంబరు కొడితే పాత బిల్లులు కనిపిస్తాయి. ఒక కాగితం మీద నెల, యూనిట్లు రాసుకోండి. రూపాయలు ఇప్పుడే వద్దు. ట్రూఅప్ సర్దుబాట్లు (డిస్కం గత ఖర్చుల తేడాను తర్వాత వసూలు చేసేవి) కలిసి అంకె గజిబిజిగా ఉంటుంది.

2022 ఏప్రిల్ నుంచి ఇళ్లకు వచ్చిన స్లాబులు ఇవి, యూనిట్‌కు:

- 0–30: రూ.1.90
- 31–75: రూ.3.00
- 76–125: రూ.4.50
- 126–225: రూ.6.00
- 226–400: రూ.8.75
- 400 పైన: రూ.9.75

వీటికి తోడు ప్రతి కిలోవాటు కాంట్రాక్ట్ లోడుకు (మీ కనెక్షన్‌కు మంజూరైన లోడు) నెలకు పది రూపాయల ఫిక్స్‌డ్ చార్జీ, ఎలక్ట్రిసిటీ డ్యూటీ ఉంటాయి. ఈ పట్టికను మీ తాజా బిల్లుతో ఒకసారి సరిచూసుకోండి. విద్యుత్ నియంత్రణ మండలి ఏటా కొత్త టారిఫ్ ఆర్డరు ఇస్తుంది.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. మే నెలలో 500 యూనిట్లు వాడిన ఇంటికి యూనిట్ల చార్జీ రూ.3,523. అదే ఇల్లు 350కి దిగితే రూ.2,111. యూనిట్లు 30 శాతం తగ్గితే డబ్బు 40 శాతం తగ్గింది. ఎందుకంటే మీరు ఆపిన యూనిట్లన్నీ పైనుంచి తెగుతాయి, అంటే తొమ్మిది రూపాయలవి. కింద ఉన్న మూడు రూపాయల యూనిట్లు అలాగే ఉంటాయి.

కాగితం మీద రెండు నెలలకు గుండ్రం చుట్టండి: జనవరి, మే. జనవరిలో 160, మేలో 480 ఉంటే ఆ 320 యూనిట్ల తేడా అంతా ఎండ ఖర్చు. అప్పుడు పని డాబా మీద, ఏసీ దగ్గర. జనవరిలోనే 300 దాటుతుంటే వేడితో సంబంధం లేనిదేదో రోజంతా కరెంటు తాగుతోంది. అప్పుడు కింది పరీక్ష తప్పనిసరి.

3. మీటరు దగ్గర పది నిమిషాలు

మీటరు మీద ఎర్ర లైటు మినుకుమినుకుమంటుంది. ఒక యూనిట్‌కు అది ఎన్నిసార్లు మెరుస్తుందో మీటరు ముఖం మీదే రాసి ఉంటుంది. ఉదాహరణకు 3200.

1) ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్, టీవీ, సెట్‌టాప్ బాక్స్, ఇన్వర్టర్, ఫోన్ చార్జర్లు అన్నీ ఆపండి. మెయిన్ మాత్రం ఆన్‌లోనే ఉంచండి.

2) పది నిమిషాలు లైటు చూడండి. ఒక్కసారి కూడా మెరవకపోతే మంచిది.

3) పది నిమిషాల్లో 32 సార్లు మెరిస్తే ఎక్కడో 60 వాట్లు పోతున్నట్టు. నెలకు 43 యూనిట్లు. ఇక ఇల్లు ఖాళీగా ఉన్నా ఆ మీటరు తిరుగుతూనే ఉంటుంది.

4) ఆ తర్వాత ఒక్కోటీ ఆన్ చేస్తూ లెక్కపెట్టండి.

నేను చూసిన ఇళ్లలో దొంగ ఎక్కువగా ఇన్వర్టరే. ఐదారేళ్ల పాత బ్యాటరీ నిండదు, నిండినట్టు అనిపించదు, చార్జర్ మాత్రం రాత్రింబవళ్లు పనిచేస్తూనే ఉంటుంది. తర్వాతి స్థానం పక్క పోర్షన్‌దో, మెట్లదో, మోటారుదో మన మీటరుకు కలిసిపోయిన వైరు. అన్నీ ఆపాక కూడా మెరుస్తుంటే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. అది ఖర్చు సంగతే కాదు, షాక్ కొట్టే సంగతి కూడా.

4. డాబా: ఎక్కువ శ్రద్ధ ఇక్కడే పెట్టండి

రాత్రి పది గంటలకు స్టూలెక్కి పడకగది శ్లాబుకు అరచెయ్యి ఆనించండి. తర్వాత లోపలి గోడకు ఆనించండి. శ్లాబు వెచ్చగా, గోడ మామూలుగా ఉంటే మీ ఏసీ గాలితో కాదు, కాంక్రీటుతో యుద్ధం చేస్తోంది. పగలంతా తాగిన ఎండను శ్లాబు రాత్రి తీరుబడిగా గదిలోకి వదులుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, మన శ్లాబు కూడా ఆ రోలు లాంటిదే.

తెల్లని పైకప్పు ఎండను వెనక్కి పంపేస్తుంది. పై అంతస్తు గదిలో సాధారణంగా రెండు నుంచి ఐదు డిగ్రీల తేడా వస్తుంది. కింది అంతస్తులో ఉండేవాళ్లకు దీనివల్ల ఒరిగేదేమీ లేదు. వాళ్లు నేరుగా 5వ భాగానికి వెళ్లిపోవచ్చు.

పని చేయించడానికి మంచి కాలం ఫిబ్రవరి చివర, మార్చి. ఏప్రిల్ ఫర్వాలేదు. మే నడిమధ్యలో మాత్రం వద్దు.

వరస ఇలా ఉండాలి:

1) డాబా ఖాళీ చేయండి. విరిగిన కుర్చీలు, పాత టైర్లు, ఎప్పటివో టైల్స్ ముక్కలు, అన్నీ కిందికి. ఈ ఒక్క పనికే ఇంట్లో ఓ పెద్ద గొడవ అవుతుంది, దానికి సిద్ధపడండి.

2) నాలుగు బకెట్ల నీళ్లు పోసి చూడండి. నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో సుద్దముక్కతో గీయండి. వాలు సరిచేయకుండా పూత వేస్తే నిలిచిన చోటల్లా ఊడుతుంది.

3) పగుళ్లు పూడ్పించండి. పిట్టగోడ, శ్లాబు కలిసే మూల, డ్రైనేజీ గొట్టం నోరు, ట్యాంకు దిమ్మెలు మేస్త్రితో ప్రత్యేకంగా చూపించుకోండి. వానాకాలం చెమ్మ ఇక్కడినుంచే దిగుతుంది.

4) వైరు బ్రష్‌తో పాచి గీకి కడిగించండి. రెండు రోజులు బాగా ఎండనివ్వండి.

5) పొద్దున తొమ్మిదిలోపు, లేదా సాయంత్రం శ్లాబు చల్లబడ్డాక పూత వేయించండి. కాలే శ్లాబు మీద పూత అంటుకోకముందే ఆరిపోతుంది, మూడు నెలల్లో పొరలుగా లేస్తుంది.

6) మొదటి పూత నిలువుగా, అది ఆరాక రెండోది అడ్డంగా.

ఏ పూత? చేతిలో ఉన్న డబ్బును బట్టి:

- సున్నం: రాత్రంతా నానబెట్టి వడకట్టి, జిగురు, కాస్త తెల్ల సిమెంటు కలిపి రెండు మూడు పూతలు. అన్నిటికన్నా చవక. ఒక వానాకాలానికి సగం కొట్టుకుపోతుంది, ఏటా వేసుకోవాలి. అద్దె ఇళ్లవాళ్లకు ఇదే సరి.
- కూల్ రూఫ్ పెయింట్: డబ్బా మీద ఎస్ఆర్ఐ అనే అంకె ఉంటుంది, పూత ఎండకు ఎంత చల్లగా ఉంటుందో చెప్పేది. అది ఎంత ఎక్కువైతే అంత మంచిది. ఆ అంకె లేని డబ్బా కొనకండి.
- తెల్ల టైల్స్ లేదా పింగాణీ ముక్కలు: ఎక్కువ ఖర్చు, ఎక్కువ మన్నిక. వర్షంలో జారతాయి, గరుకువి ఎంచుకోండి. పాత శ్లాబు అదనపు బరువు మోస్తుందో లేదో ఇంజనీరును అడిగాకే.

ఎక్కువమంది చేసే పొరపాటు గోడలకు వేసే మామూలు తెల్ల రంగునే డాబాకు వేయడం. నిలిచిన నీళ్లకు, కాళ్ల తొక్కిడికి అది ఆగదు. ఇంకో పొరపాటు తెలిసి మరీ చేస్తారు: చెమ్మకు భయపడి బూడిద రంగు, నల్ల రంగు వాటర్‌ప్రూఫ్ పూత వేయిస్తారు. చెమ్మ ఆగుతుంది, గది పెనం అవుతుంది. వాటర్‌ప్రూఫింగ్ వేయించక తప్పకపోతే పైపొర తెల్లదే అడగండి.

ఇక తెల్లగా వేసి ఊరుకుంటే కుదరదు. మన దుమ్ముకు ఏడాదిలో అది బూడిద రంగైపోతుంది. ఏటా సంక్రాంతి తర్వాత ఒకసారి రుద్ది కడగాలి.

డాబాకు నీళ్లు కొట్టడం గురించి చాలామంది అడుగుతారు. చల్లబడుతుంది, నిజమే. దానికి మోటారు కరెంటు, నీళ్లు, పగుళ్లలోంచి దిగే చెమ్మ కూడా లెక్కేసుకోండి. గ్రీన్ షేడ్ నెట్ అంతకన్నా మేలు. అయితే శ్లాబుకు ఆనకుండా నిలబడినంత ఎత్తులో కట్టాలి, గాలి ఆడాలి. వేసవి గాలిదుమారాలకు ఎగిరిపోకుండా ఇనుప గొట్టాలకు కట్టించండి.

రేకుల ఇళ్లకు కూడా తెల్ల పూత బాగా పనిచేస్తుంది. సిమెంటు రేకులు పాతవైతే వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. పొడిగా గీకడం, రంధ్రాలు పెట్టడం చేయకండి, ఆ పొడి ఊపిరితిత్తులకు ప్రమాదం. తడిపి మెత్తగా తుడిచి పూత వేయాలి.

5. పడమటి గోడ, కిటికీలు

మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా ఏ గది గోడ మీద ఎండ పడుతుందో చూడండి. ఆ గదే రాత్రి నిద్ర పట్టనివ్వనిది.

ఎండను అద్దం బయటే ఆపాలి. లోపల మందపాటి కర్టెన్ వేస్తే వేడి అప్పటికే గదిలోకి వచ్చేసి ఉంటుంది. బయట వెదురు తడికలు కట్టండి, లేదా సన్‌షేడ్ పొడిగించండి. పూర్వం వాడిన వట్టివేళ్ల తడికలు పొడి వడగాడ్పులో ఇప్పటికీ దివ్యంగా పనిచేస్తాయి. ఎయిర్ కూలర్ సంగతీ అంతే. ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడిగా ఉన్న రోజుల్లో వరం. ఉక్కపోత మొదలయ్యాక అదే కూలర్ చెమటను పెంచుతుంది, ఆపేయండి.

రాత్రి గాలి లోపలికి రానివ్వడం ఉచితం. కానీ మూడు కాలువల ఊళ్లో కిటికీ తెరిస్తే ముందు వచ్చేది దోమలు. అందుకని కిటికీలకు జాలీలు బిగించడాన్ని నేను కరెంటు ఆదా పనిగానే లెక్కేస్తాను. జాలీ ఉంటే రాత్రి కిటికీ తెరుస్తారు, లేకపోతే ఏసీ వేస్తారు. హాల్లో ఎత్తున ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి సాయంత్రం ఏడు తర్వాత ఒక గంట తిప్పితే ఇంట్లో చిక్కుకున్న వేడి బయటికి పోతుంది.

6. ఫ్యాన్లు, లైట్లు, మోటారు

ఎల్ఈడీల గురించి గుంటూరు వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2014లోనే ఆ జిల్లాలో పాత బల్బు ఇచ్చి పది రూపాయలకు ఎల్ఈడీ తెచ్చుకున్నారు. పాత చోక్ ట్యూబ్‌లైట్లు ఎక్కడైనా మిగిలి ఉంటే తీసేయండి, అంతే.

ఫ్యాన్లే అసలు సంగతి. పాత ఫ్యాన్ 75 వాట్లు తీసుకుంటుంది, బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారుది) 30. రోజుకు పదిహేను గంటలు తిరిగితే ఒక్క ఫ్యాన్ మీద నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. రూ.8.75 స్లాబులో ఉన్నవాళ్లకు అది రూ.177. మూడు వేల ఫ్యాన్ ఏడాదిన్నరలోపు తన ఖర్చు తాను రాబట్టుకుంటుంది. ఆరు రూపాయల స్లాబులో అయితే రెండేళ్లు.

అన్నీ ఒకేసారి మార్చకండి. పడకగది, హాలు ముందు. రోజుకు అరగంట తిరిగే పూజగది ఫ్యాన్‌కు మూడు వేలు దండగ. అద్దె ఇంట్లో ఉన్నా ఇది మంచి పెట్టుబడి, ఇల్లు మారితే విప్పుకుని పట్టుకెళ్లొచ్చు.

2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి. లేబుల్ లేనిది ఎంత చవకైనా వద్దు.

మోటారు: ట్యాంకు పొంగి సన్‌షేడ్ మీద నుంచి నీళ్లు కారుతుంటే అది నీళ్లు కాదు, బిల్లు. ఆటోమేటిక్ కంట్రోలర్ పెట్టించండి. రెండు మూడుసార్లు వైండింగ్ చేయించిన మోటారు అంతే నీటికి ఎక్కువసేపు తిరుగుతుంది. ట్యాంకు నిండటానికి ఎంతసేపు పడుతోందో గోడ మీద రాసి పెట్టుకుంటే తేడా తెలుస్తుంది.

ఫ్రిజ్: తలుపు మధ్య కాగితం పెట్టి మూయండి. లాగితే సులువుగా వచ్చేస్తే రబ్బరు మార్చాలి. వెనక గోడకు జానెడు ఖాళీ ఉంచండి.

7. ఏసీ: ఉన్నదాన్ని సరిచేశాకే కొత్తది

ముందు ఉన్న ఏసీకి ఈ పనులు చేయండి:

- వేసవిలో పదిహేను రోజులకోసారి ఫిల్టరు కడగండి.
- ఔట్‌డోర్ యూనిట్ పడమటి ఎండలో ఉంటే పైన చిన్న నీడ కట్టించండి. చుట్టూ మూసేయకండి, వేడి గాలి పోవాలి.
- తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ వేయండి. పాత విండో ఏసీ తీసిన కంత ఉంటే అట్టముక్కతో కాదు, ఇటుకతో మూయించండి.
- 26 దగ్గర పెట్టి ఫ్యాన్ తిప్పండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు ఆదా అని బీఈఈ లెక్క. 18లో పెట్టి దుప్పటి కప్పుకోవడం మన ఇళ్లలో మామూలే, మానిపించడం అంత తేలిక కాదు.

కొత్తది కొనేటప్పుడు స్టార్లు లెక్కపెట్టకండి. స్టార్ల కొలతలు కొన్నేళ్లకోసారి బిగుస్తాయి, పాత స్టాకు ఐదు స్టార్లు కొత్త లెక్కలో తగ్గొచ్చు. లేబుల్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు అని రాసి ఉంటుంది, అది చూడండి. ఆ అంకె 1600 గంటల వాడకానికి. మీరు రాత్రికి ఎనిమిది గంటలు, ఏడాదిలో 150 రాత్రులు వేస్తే 1200 గంటలు. లేబుల్ అంకెలో ముప్పావు వంతు మీది.

ఒక ఏసీ మీద 1000, ఇంకోదాని మీద 800 ఉందనుకోండి. మీకు నిజంగా మిగిలేది 150 యూనిట్లు, ఏడాదికి రూ.1,300 చిల్లర. రెండో ఏసీ ఎనిమిది వేలు ఎక్కువైతే ఆ తేడా రావడానికి ఆరేళ్లు. అదే పగలూ రాత్రీ ఏసీలో ఉండాల్సిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే లెక్క తారుమారు, ఎక్కువ పెట్టి కొనడమే లాభం. షాపువాడు ఈ లెక్క వేయడు, మీరే వేసుకోవాలి.

8. వైరింగ్

పాత ఇంట్లో ఏసీ పెంచినా, సోలార్ పెట్టినా ముందు ఎర్తింగ్ పరీక్ష చేయించండి, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా తెంపే స్విచ్) పెట్టించండి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు వచ్చిన సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లలో మునిగిన స్విచ్‌బోర్డులు, జాయింట్లు తుప్పుతో వేడెక్కుతుంటాయి. వాటిని మార్చండి. మీటరు బోర్డు, ఇన్వర్టర్, బ్యాటరీ అప్పటి నీటి గుర్తుకు పైన ఉండేలా బిగించండి.

9. ఇప్పుడు సోలార్

పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది, 2026–27 ఆర్థిక సంవత్సరం దాకా అమలు. ఇంటికి కేంద్ర సబ్సిడీ: ఒక కిలోవాటుకు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు, ఆపై ఎన్ని వేసినా 78 వేలు. ఎస్సీ, ఎస్టీ, బీసీ వినియోగదారులకు రాష్ట్రం అదనంగా సాయం ప్రకటించింది. మీకు ఎంత వస్తుందో దరఖాస్తుకు ముందే మీ డిస్కం సెక్షన్ ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరు) అడగండి.

ఎన్ని కిలోవాట్లు? ఒక కిలోవాటు మన ఎండకు రోజుకు సగటున నాలుగు యూనిట్లు, నెలకు 120 ఇస్తుంది. సుమారు వంద చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి.

పై పనులన్నీ అయ్యాక మీ వాడకం ఏడాది సగటున నెలకు 350 యూనిట్లకు దిగిందనుకుందాం, చార్జీ రూ.2,111. రెండు కిలోవాట్లు వేస్తే 240 యూనిట్లు పోయి 110 మిగులుతాయి, చార్జీ రూ.350. నెలకు రూ.1,761 మిగులు. మూడో కిలోవాటు వేస్తే ఆ చివరి రూ.350 మాత్రమే మిగులుతుంది. ఎందుకంటే అవి చవక స్లాబు యూనిట్లు.

కిలోవాటు 65 వేలు అనుకుంటే, సబ్సిడీ పోను మొదటి రెండూ 70 వేలు. మూడేళ్ల నాలుగు నెలల్లో తిరిగొస్తాయి. మూడోది సబ్సిడీ పోను 47 వేలు, తిరిగి రావడానికి పదకొండేళ్లు. బిల్లు సున్నా కావాలన్న ముచ్చటకు చెల్లించే ధర అది. రేపు ఇంకో ఏసీనో, ఎలక్ట్రిక్ స్కూటరో కొనే ఆలోచన ఉంటే మూడు వేయించండి. లేకపోతే రెండు చాలని నా అభిప్రాయం.

దరఖాస్తుకు ముందు చెక్‌లిస్టు:

- బిల్లు ఎవరి పేరున ఉంది? పాత ఇళ్లలో సగం సర్వీసులు తాతగారి పేరు మీదే ఉంటాయి. బిల్లు, ఆధార్, బ్యాంకు ఖాతా, మూడిట్లో పేరు కలవాలి. పేరు మార్పిడి ముందు చేయించండి. సబ్సిడీ ఆగేది ఎక్కువగా ఇక్కడే.
- పాత బకాయిలు లేవు కదా?
- డాబా హక్కు మీదేనా? అన్నదమ్ముల ఉమ్మడి ఇల్లయితే రాతపూర్వక అంగీకారం తీసుకోండి.
- నీడ: పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా మూడుసార్లు డాబా ఎక్కి ఫోటో తీయండి. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలతాడు. దక్షిణాన ఉన్న ట్యాంకు, మెట్లగది, పక్కవాళ్ల మేడ నీడ అప్పుడు ఇంకా పొడవు.

వరస: జాతీయ పోర్టల్‌లో సర్వీసు నంబరుతో నమోదు, దరఖాస్తు, నమోదైన వెండార్ ఎంపిక, ఒప్పందం, బిగింపు, నెట్ మీటరు (లైనుకు పంపిన యూనిట్లు, తీసుకున్న యూనిట్లు రెండూ లెక్కించేది), తనిఖీ, తర్వాత ఖాతాలో సబ్సిడీ. కనీసం ముగ్గురు వెండార్ల దగ్గర కొటేషన్ తీసుకోండి. కొటేషన్‌లో ప్యానెల్ కంపెనీ, వాట్లు, ఇన్వర్టర్ వారంటీ, స్ట్రక్చర్ ఎత్తు, ఎర్తింగ్, శుభ్రం చేయడానికి నీటి పైపు, అన్నీ రాసి ఉండాలి. సబ్సిడీకి దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన ప్యానెళ్లే కావాలి.

మా వీధిలో ఒకాయన మూడు కిలోవాట్లు వేయించారు. మధ్యాహ్నం రెండు దాటితే ట్యాంకు నీడ రెండు ప్యానెళ్ల మీద పడుతుంది. బిగించేటప్పుడు చూసుకున్నది పొద్దున పదకొండుకు. ఇప్పుడు ట్యాంకు జరపాలి, లేదా ప్యానెళ్లు జరపాలి. రెండూ ఖర్చే, వెండార్ ఫోన్ ఎత్తడు. చివరి విడత డబ్బు నెట్ మీటరు తిరిగాకే ఇవ్వమని నేను చెప్పేది అందుకే.

ఇంకో రెండు మాటలు. ప్యానెళ్లు దక్షిణం వైపు, దాదాపు పదహారు డిగ్రీల వాలు. శ్లాబుకు రంధ్రాలు పెట్టనివ్వకండి, సిమెంటు దిమ్మెల మీద బిగించమనండి. తుపాను గాలికి తట్టుకునేంత బరువు ఉండాలి. ఇక కరెంటు పోతే బ్యాటరీ లేని సోలార్ కూడా ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటు అది. ఇన్వర్టర్ పాడైందని కంగారుపడకండి.

10. అపార్ట్‌మెంట్ వాళ్లకు

డాబా అందరిదీ కాబట్టి ఒక్కరు నిర్ణయిస్తే కుదరదు. అసోసియేషన్ సమావేశంలో తీర్మానం రాసి సంతకాలు తీసుకోండి. ఉమ్మడి లైట్లు, లిఫ్టు, మోటారు, బండ్ల చార్జింగ్ కోసం వేసే సోలార్‌కు సంఘాలకు కిలోవాటుకు 18 వేల సబ్సిడీ ఉంది.

కింది అంతస్తులవాళ్లు "తెల్ల పెయింట్ వల్ల మాకేంటి?" అంటారు. న్యాయమే. కూల్ పూతను వాటర్‌ప్రూఫింగ్‌తో కలిపి ఒకే పనిగా పెట్టండి. శ్లాబు, లోపలి ఇనుము అందరివీ, ఖర్చు అందరూ పంచుకుంటారు. చల్లదనం పైవాళ్లకు అదనపు లాభం.

11. పని ఆగితే ఎవరిని అడగాలి

మీటరు, బిల్లు, నెట్ మీటరు ఆలస్యం: ముందు 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. తర్వాత సెక్షన్ ఏఈకి రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. అప్పటికీ కదలకపోతే డిస్కంలోనే వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక ఉంది, దాని తీర్పు నచ్చకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్. వీటికి లాయరు అక్కర్లేదు, తెల్లకాగితం మీద తెలుగులో రాసి ఇవ్వొచ్చు. తేదీలు, ఫిర్యాదు నంబర్లు వరసగా ఉంటే చాలు.

చిన్న ఇళ్లకు కూల్ రూఫ్ సాయం, పాత ఫ్యాన్ల మార్పిడి పథకం లాంటివి కావాలంటే అడిగే చోటు వేరు. డిస్కంలు ఏటా నవంబరు చివర్లో వచ్చే ఏడాది ఆదాయ అవసరాల ప్రతిపాదనలు విద్యుత్ నియంత్రణ మండలి ముందు పెడతాయి. పేపర్లలో ప్రకటన వస్తుంది, ఎవరైనా సూచనలు, అభ్యంతరాలు పంపొచ్చు, బహిరంగ విచారణలో మాట్లాడొచ్చు. కాలనీ సంఘం తరఫున పంపేటప్పుడు ఉపన్యాసం వద్దు. పూత వేయించిన నాలుగు ఇళ్ల బిల్లులు, పూతకు ముందు మే, తర్వాత మే, యూనిట్లతో సహా జతచేయండి.

సున్నం వేయించే ముందే ఈ మే బిల్లు ఫోటో తీసి దాచుకోండి.